పాడుపడిన బోర్లు, బావులు సరిగ్గా మూసేయడం: బెంగళూరు తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్తగా సైటు కొన్నవాళ్లు, పాత ఇల్లు పడగొట్టి కట్టుకుంటున్నవాళ్లు ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. అందుకే జవాబులన్నీ ఒకచోట పెట్టాం. ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది, మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్లిపోవచ్చు. ఒక్క తేడా మాత్రం ముందే గుర్తుపెట్టుకోండి: మూత పెట్టడం వేరు, పూడ్చడం వేరు. మూత మనిషిని కాపాడుతుంది. అడుగు నుంచి సరిగ్గా పూడిస్తే మనుషులతో పాటు కింది నీళ్లు కూడా బాగుంటాయి.

## పని మొదలుపెట్టే ముందు

మా సైటులో ఎక్కడో పాత బోరు ఉందంటున్నారు. ఎలా కనిపెట్టాలి?

సర్జాపుర, హొసకోటె, దేవనహళ్లి వైపు ఇవాళ లేఔట్లు ఉన్నచోట నిన్నటిదాకా తోటలూ పొలాలూ ఉండేవి. ముందు ఆ పొలం చేసిన రైతును గానీ, పక్క పొలం వాళ్లను గానీ అడగండి. కాగితాల కంటే వాళ్ల జ్ఞాపకమే ఎక్కువ పనికొస్తుంది. తరువాత సైటంతా నడిచి చూడండి. ఒంటరిగా నిలబడ్డ కరెంటు స్తంభం, తుప్పుపట్టిన స్టార్టరు డబ్బా, పగిలిన నీళ్లతొట్టి, నేలలోంచి జానెడు పొడుచుకొచ్చిన పైపు, వాన తరువాత గుండ్రంగా కుంగిన నేల... వీటిలో ఏది కనబడినా అక్కడ తవ్వి చూడాలి. కేసింగ్ (మట్టి కూలకుండా బోరు పైభాగంలో దింపే పైపు) ఇనుపదైతే లోహాన్ని పట్టే యంత్రానికి దొరుకుతుంది, పీవీసీ దొరకదు. ఒక పాయింటులో నీళ్లు పడని రైతు సాధారణంగా అదే పొలంలో ఇంకో పాయింటు వేయిస్తాడు. కాబట్టి ఒక బోరు దొరికితే రెండోదాని కోసమూ వెతకండి. ఇదంతా జేసీబీ రాకముందే చేయాలి. చదును చేసేటప్పుడు కేసింగ్ విరిగి మట్టి కింద పడిపోతే, నోరు తెరుచుకున్న బోరు పైకి కనబడకుండా మిగిలిపోతుంది.

బోరు మీద బండరాయి పెట్టాం, చుట్టూ ముళ్లకంప వేశాం. చాలదా?

చాలదు. రాయిని ఎవరో ఒకరు జరుపుతారు, గోనెసంచి రెండు వానలకే కుళ్లిపోతుంది. అసలు ప్రమాదం ఇంకొకటి ఉంది. బోరు ఫెయిలైతే చాలామంది డబ్బు మిగులుతుందని కేసింగ్ పైకి లాగేస్తారు. నీళ్ల కోసం కింద వేసే రంధ్రం ఆరున్నర అంగుళాలే అయినా, కేసింగ్ దిగేందుకు పైభాగాన్ని 9, 10 అంగుళాల దాకా వెడల్పు చేస్తారు. కేసింగ్ తీసేశాక ఆ మట్టి అంచులు ప్రతి వానకూ ఇంకాస్త విరిగి లోపల పడతాయి. రెండేళ్ల పిల్ల జారిపోవడానికి అంత సందు చాలు.

ఇప్పుడు నీళ్లు లేవు గానీ వానలు పడితే వస్తాయేమో. ఇప్పుడే పూడ్చేయాలా?

అక్కర్లేదు, కానీ తెరిచి మాత్రం వదలకూడదు. మళ్లీ వాడే ఉద్దేశం ఉంటే కేసింగ్ మీద ఇనుప ప్లేటు వెల్డింగ్ చేయించండి, లేదా నట్టు బోల్టులతో బిగించే గట్టి క్యాప్ పెట్టండి. చేతితో తిప్పితే ఊడే ప్లాస్టిక్ మూత వద్దు. కేసింగ్ చుట్టూ అర మీటరు పొడవు, అర మీటరు వెడల్పుతో కాంక్రీటు దిమ్మ కట్టించండి. అది నేల పైన 30 సెంటీమీటర్లు, నేల కింద 30 సెంటీమీటర్లు ఉండాలి. వరసగా రెండు వానాకాలాలు చూసినా నీళ్లు రాకపోతే, లేదా కేసింగ్ పగిలి మురికి నీళ్లు లోపలికి దిగుతుంటే, ఇక ఆశ పెట్టుకోకుండా పూడ్చేయమనే మా సలహా.

ఎండిన బోరులోకి వాన నీళ్లు పంపి రీచార్జ్ చేసుకోవచ్చు కదా?

చేసుకోవచ్చు, కానీ ఇంటి కప్పు మీది నీళ్లతో మాత్రమే. అవి కూడా కంకర, ఇసుక, బొగ్గు పొరలున్న ఫిల్టరు గుంట దాటాకే బోరులోకి వెళ్లాలి. మొదటి వాన నీళ్లు బయటికి వదిలేయాలి. రోడ్డు నీళ్లు, పార్కింగ్ కడిగిన నీళ్లు, వాషింగ్ మెషీన్ నీళ్లు బోరులోకి వెళ్లనే కూడదు. బెంగళూరు కింద ఉన్నది గ్రానైటు, నైస్ రాయి. అందులో నీళ్లు పగుళ్ల వెంట నడుస్తాయి. మట్టిలో ఇంకే నీళ్లు కొంతైనా వడకట్టబడతాయి, పగుళ్లలో ఆ వడపోత లేదు. బోరులోకి పోసిన మురికి అలాగే పక్కవాళ్ల బోరుకు చేరగలదు. శుభ్రమైన నీళ్లు పంపే ఏర్పాటు లేకపోతే ఈ బోరును పూడ్చేయండి. రీచార్జ్ కోసం విడిగా మూడడుగుల వెడల్పు, 20 నుంచి 30 అడుగుల లోతుతో సిమెంటు ఉంగరాల ఇంకుడు బావి తవ్వించుకోండి.

## బాధ్యత, కాగితాలు

ఫెయిలైన బోరు మూయాల్సింది నేనా, బోరు వేసిన రిగ్గు వాళ్లా?

ఇద్దరూ. సుప్రీంకోర్టు 2010 ఫిబ్రవరి 11న ఇచ్చిన మార్గదర్శకాలు స్థలం యజమానికీ, బోరు వేసే సంస్థకూ బాధ్యత పెట్టాయి. బోరు వేయడానికి 15 రోజుల ముందు అధికారులకు తెలపాలి. పని జరిగే చోట యజమాని, రిగ్గు సంస్థ వివరాలతో బోర్డు పెట్టాలి, చుట్టూ కంచె వేయాలి. పని అయ్యాక బురద గుంటలు పూడ్చాలి. వదిలేసిన బోరును అడుగు నుంచి నేల మట్టం దాకా నింపాలి. కర్ణాటకలో 2011 నాటి భూగర్భజల చట్టం ఉంది. తెరిచి వదిలేసిన బోర్లకు శిక్షలు కఠినం చేస్తూ 2024లో సవరణ కూడా తెచ్చారు.

ఆచరణలో మాత్రం, తిరుచెంగోడు నుంచి వచ్చిన రిగ్గు బండి తెల్లారేసరికి ఇంకో ఊరిలో ఉంటుంది. స్థలం మీ పేరు మీద ఉంటుంది. అందుకని బోరు వేయించేటప్పుడే "నీళ్లు పడకపోతే పూడ్చి వెళ్లాలి" అని బిల్లులో రాయించుకోండి. ఆ పని అయ్యేదాకా చివరి వాయిదా డబ్బు చేతిలోనే ఉంచుకోండి.

ఎవరికి చెప్పాలి? ఏం దాచుకోవాలి?

నగరంలో అయితే బెంగళూరు జలమండలికి చెప్పండి, సహాయవాణి 1916. ఊళ్ల వైపు అయితే గ్రామ పంచాయతీకి. కన్నడ దరఖాస్తుల్లో బోరును "కొళవె బావి" అనీ, తవ్విన బావిని "తెరెద బావి" అనీ రాస్తారు, చూసి కంగారు పడకండి. పూడ్చాక సర్టిఫికెట్టు అడిగి తీసుకోండి. దానితో పాటు పనికి ముందు లోతు ఎంత, ఏ లోతులో ఏ సామాను ఎంత పోశారు, ఏ తేదీన అన్న లెక్క ఒక కాగితం మీద రాసి, ఫోటోలతో ఇంటి పత్రాల్లో పెట్టండి. గోడ మూల నుంచి బోరుకు ఎంత దూరమో కూడా కొలిచి రాయండి. రేపు ఆ స్థలంలో పునాది తీసేవాడికి అది కావాలి.

## సిద్ధం చేసుకోవడం

లోపల పాత మోటారు ఇరుక్కుపోయింది. అలాగే పూడ్చేయొచ్చా?

ముందు తీయడానికే ప్రయత్నించాలి. మోటారు, పైపు, కేబులు లోపలే ఉంటే పోసిన కంకర వాటి మీద చిక్కుకుంటుంది, కిందంతా ఖాళీగా మిగిలిపోతుంది. మోటార్లు ఎత్తే బండివాళ్లను పిలిచే ముందు కరెంటు పూర్తిగా తీయించండి. వైరు కట్ చేస్తే సరిపోదు, స్టార్టరు దాకా సప్లై ఆగాలి. తాడు కట్టి కారుతో లాగే పని పెట్టుకోకండి. పైపు తెగితే మొత్తం ఇంకా కిందికి పోతుంది. బోరు కెమెరా దింపితే మోటారు ఏ లోతులో ఇరుక్కుంది, కేసింగ్ ఎక్కడ పగిలింది అన్నవి కనబడతాయి. ఎంత చేసినా రాకపోతే మోటారు పక్క సందులోంచి సన్నని పైపు దింపి, కింది భాగాన్ని సిమెంటు గ్రౌటుతో (సిమెంటు, నీళ్లు కలిపిన పల్చటి ముద్దతో) నింపాలి. అది అనుభవం ఉన్నవాళ్లు చేయాల్సిన పని.

వెయ్యి అడుగుల బోరుకు సామాను ఎంత పడుతుంది?

అనుకున్నంత ఎక్కువేమీ కాదు. ఆరున్నర అంగుళాల బోరులో ప్రతి 100 అడుగులకూ 23 ఘనపుటడుగులు, అంటే దాదాపు 650 లీటర్లు పడుతుంది. వెయ్యి అడుగులకు 230 ఘనపుటడుగులు. పగుళ్లలోకి పోయేదానికి, కూలిన చోట్లకు ఇంకో 20 శాతం కలుపుకోండి.

పైభాగంలో 100 అడుగులు సిమెంటు గ్రౌటుతో నింపాలనుకుంటే, 50 కేజీల బస్తాకు 25 లీటర్ల నీళ్లు కలిపితే సుమారు 40 లీటర్ల గ్రౌటు వస్తుంది. ఆ లెక్కన 16, 17 బస్తాలు. మధ్యలో వేసే 20 అడుగుల బిరడాకు నాలుగు బస్తాలు చాలు. బస్తాకు కేజీన్నర బెంటొనైట్ (నీళ్లలో ఉబ్బే ఒక రకం బంకమట్టి) పొడి కలిపితే గ్రౌటు ఎండాక తక్కువ కుంచించుకుపోతుంది. ఎర్తింగ్ గుంటల సామాను అమ్మే షాపుల్లో అది దొరుకుతుంది. దాన్ని ముందు నీళ్లలో బాగా నానబెట్టి, ఆ తరువాతే సిమెంటు కలపాలి.

ఇల్లు పడగొట్టిన రాళ్లు, రద్దు బోలెడు ఉంది. అదే పోసేస్తే?

వద్దు. ఇటుక ముక్కలు, పలకలు బోరులో అడ్డంపడతాయి. సున్నం, పెయింటు, జిప్సం, తారు, ప్లాస్టిక్ తొక్కు నీళ్లలో నానుతూ ఏళ్ల తరబడి కరుగుతుంటాయి. వంటింటి చెత్త సంగతి చెప్పనే అక్కర్లేదు. బోరుకు 20 మిల్లీమీటర్లు లేదా అంతకంటే చిన్న కడిగిన కంకర, ఎం-శాండు (రాతిని పొడిచేసిన ఇసుక), సిమెంటు, బెంటొనైట్ ఉంటే చాలు. 40 మిల్లీమీటర్ల కంకర చవకగా వస్తుందని తెస్తారు, అదే మధ్యలో ఇరుక్కుని ప్రాణం తీస్తుంది.

## బోరు పూడ్చడం

అసలు పని వరసగా చెప్పండి.

గుండు కట్టిన తాడు దింపి అడుగు ఎంత లోతుందో, నీళ్లు ఎక్కడున్నాయో కొలవండి. రాసి ఉన్న లోతును నమ్మొద్దు, కొన్నేళ్లకు బోరు కూలి తగ్గి ఉంటుంది. నీళ్లుంటే బ్లీచింగ్ పౌడరు వేయాలి. తాజా పౌడరైతే వెయ్యి లీటర్లకు 150 గ్రాములు. 500 అడుగుల నీటికి అర కేజీ చాలు. బకెట్టులో కలిపి, తేరిన నీళ్లను పోయండి. కంకరను కూడా అవే నీళ్లతో తడపండి.

తరువాత అడుగు నుంచి కంకర. ఒకేసారి తట్టతో కుమ్మరించొద్దు, బకెట్టు పట్టుకుని సన్నగా వదలాలి. 20 లీటర్ల పెయింటు బకెట్టు ఒకటి పోస్తే బోరులో మూడడుగులు పైకి రావాలి. పది బకెట్లు పోసి తాడు దింపి చూడండి, 30 అడుగులు పెరిగి ఉండాలి. ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఈ కొలతే. 30 కంటే చాలా ఎక్కువ పెరిగితే మధ్యలో అడ్డం పడింది. తక్కువ పెరిగితే పగుల్లోకో, కూలిన ఖాళీలోకో వెళుతోంది, ఇంకా పోయండి.

కంకర నేల నుంచి 300 అడుగుల లోతు దాకా పైకి వచ్చాక మూడడుగుల ఇసుక వేసి, దాని మీద 20 అడుగుల సిమెంటు బిరడా వేయండి. ఇసుక లేకపోతే గ్రౌటు కంకర సందుల్లోకి జారిపోతుంది. ఈ బిరడా ఎందుకంటే, పైన పగుళ్లలోని మురికి నీళ్లు కింది పగుళ్లలోకి దిగకుండా ఆపాలి. ఉత్త కంకర నీటిని ఆపదు. గ్రౌటును ఒకరోజు గట్టిపడనిచ్చి మళ్లీ కంకర పోయండి.

కేసింగ్ అడుగుకు 20 అడుగుల కింద కంకర ఆపి, మళ్లీ ఇసుక వేసి, అక్కడి నుంచి పై దాకా గ్రౌటు నింపాలి. కేసింగ్ 80 అడుగులుంటే 100 అడుగుల గ్రౌటన్నమాట. కేసింగ్ రాతిలో కూర్చునే ఆ అంచు దగ్గరే డ్రైనేజీ నీళ్లు ఎక్కువగా లోపలికి జారుతాయి, అక్కడ మాత్రం కక్కుర్తి పడకండి.

పైనించి సిమెంటు నీళ్లు పోసేస్తే అదే దిగిపోదా?

దిగుతుంది, కానీ సిమెంటుగా దిగదు. లోపల నీళ్లుంటే వందల అడుగులు పడేసరికి సిమెంటు, నీళ్లు విడిపోయి కింద మెత్తటి బురదలా కూర్చుంటుంది. అది గట్టిపడదు. ఇంచు లేదా ఇంచుంపావు హెచ్‌డీపీఈ పైపు అడుగు దాకా దింపి, గ్రౌటు పంపుతో కింద నుంచి పైకి నింపాలి. పైపు కొస ఎప్పుడూ గ్రౌటులో మునిగే ఉండాలి, గ్రౌటు పైకి వస్తున్న కొద్దీ పైపును కొంచెం కొంచెం ఎత్తాలి. పాత నీళ్లు పైనుంచి పొర్లి బయటికి వస్తుంటే పని సరిగ్గా సాగుతున్నట్టు.

కంకర వేస్తుంటే సగంలోనే నిండిపోయింది. అయిపోయినట్టేనా?

కాదు, అడ్డం పడింది. మేస్త్రీలు చాలామంది ఇక్కడే "నిండింది సార్" అని చేతులు దులుపుకుంటారు. వానాకాలంలో నీళ్లు దిగి ఆ అడ్డు కరిగితే, పైనున్న పోతంతా ఒక్కసారిగా కిందికి జారిపోతుంది, నేల మీద గుంత తెరుచుకుంటుంది. అందుకే ఇంకో తట్ట కూడా వేయొద్దు. ఐదు కేజీల ఇనుప కడ్డీని గట్టి తాడుకు కట్టి పైకీ కిందికీ ఆడించి అడ్డును పొడవండి. కదలకపోతే సన్నని పైపుతో నీళ్లు వత్తిడిగా కొట్టండి. అదీ కాకపోతే కంప్రెసరు బండితో ఫ్లషింగ్ చేయించాలి.

కేసింగ్ పీకేయాలా, ఉంచేయాలా?

పీకితే మంచిది, ఎందుకంటే కేసింగ్ బయటి వైపు మట్టికీ పైపుకూ మధ్య ఉన్న సందు కూడా గ్రౌటుతో నిండుతుంది. కానీ గ్రౌటు నింపుతూ కొంచెం కొంచెం లాగాలి. ముందే పీకేస్తే మట్టి కూలి బోరు మూసుకుపోతుంది. పాత పీవీసీ సాధారణంగా విరిగిపోతుంది. రాకపోతే చుట్టూ మూడు నుంచి ఐదడుగులు తవ్వి, అక్కడ కేసింగ్ కోసేసి, బయటి సందులోకి పల్చటి గ్రౌటు పట్టినంత పోయండి. దాని మీద రెండడుగుల చదరం, అడుగు మందం కాంక్రీటు దిమ్మ వేసి, పైన మట్టి గుద్దండి.

## తవ్విన బావులు

తాతల నాటి రాతికట్టు బావి ఉంది. పూడ్చేయమంటారా?

ముందు ఆగి ఆలోచించండి. 30, 40 అడుగుల బావి వెయ్యి అడుగుల బోరులాంటిది కాదు, ఒక మంచి వానాకాలానికే నీళ్లు పుంజుకోగలదు. కబ్బన్ పార్కులో పాత బావులకు పూడిక తీసి మళ్లీ బతికించారు. సర్జాపుర వైపు బావులు తవ్వే మణ్ణువడ్డర్లు తరతరాలుగా ఈ పనిలోనే ఉన్నారు. చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే, కాబట్టి మీ బావి సంగతి వాళ్లతో నేరుగా మాట్లాడుకోవచ్చు. పూడిక తీయించి, చుట్టూ మూడడుగుల గోడ, పైన తాళం వేసే ఇనుప గ్రిల్లు పెట్టించుకుంటే బావి మిగులుతుంది. కట్టు లోపలికి ఉబ్బినా, పక్కన డ్రైనేజీ నీళ్లు లోపలికి ఊరి వాసన వస్తున్నా పూడ్చడమే.

ముందు మనిషిని దింపి చెత్త తీయించవచ్చా?

గాలి పరీక్షించకుండా ఎవరినీ దింపకండి. ఏళ్ల తరబడి మూతపడ్డ బావిలో ఆక్సిజన్ తక్కువగా ఉంటుంది, విషవాయువులు ఉండొచ్చు. దీపం దింపి చూసే పద్ధతి ఆక్సిజన్ సంగతి మాత్రమే చెబుతుంది. విషవాయువును చూపదు, మండే వాయువు ఉంటే అంటుకుంటుంది కూడా. గ్యాస్ మీటరులో ఆక్సిజన్ 19.5 శాతం కంటే తగ్గితే దిగకూడదు. బ్లోయరు ఆడిస్తూనే ఉండాలి, దిగే మనిషికి నడుముకూ భుజాలకూ బెల్టు, పైన తాడు పట్టుకుని ఇద్దరు ఉండాలి. డీజిలు పంపును బావిలోకి దింపి నడపడం ఎన్నడూ వద్దు, దాని పొగ నిమిషాల్లో చంపుతుంది. లోపల ఒకరు పడిపోతే కాపాడదామని వెంటనే ఇంకొకరు దూకకూడదు.

ఏ వరసలో పూడ్చాలి?

ఆరడుగుల వెడల్పు, 40 అడుగుల లోతు బావికి సుమారు 1130 ఘనపుటడుగుల పోత పడుతుంది. నూరు ఘనపుటడుగుల యూనిట్లలో 11 పైన, కుంగడానికి ఇంకో ఒకటిన్నర కలిపి తెప్పించండి. చెత్త తీసి బ్లీచింగ్ వేశాక నీటిమట్టం దాకా శుభ్రమైన రాళ్లు, కంకర వేయాలి. దాని మీద ముతక ఇసుక, ఆపైన మట్టిని అడుగు మందం పొరలుగా వేస్తూ తడిపి గుద్దాలి. పై ఐదడుగులలో రాతికట్టు ఊడదీసి, అక్కడ మూడడుగుల బంకమట్టి గట్టిగా దట్టించండి. రాతికట్టు వదిలేస్తే దాని వెంట వాన నీళ్లు కిందికి దారి చేసుకుంటాయి. చివర అర అడుగు ఎత్తుగా గుబ్బలా వదలండి.

బావి ఊపిరి ఆడాలని పైపు పెట్టమంటున్నారు. పెట్టాలా?

పసుపు కుంకుమ, కొబ్బరికాయ, గంగమ్మకు దండం, ఇవన్నీ మీ ఇష్టం, పెద్దవాళ్ల తృప్తి కోసమైనా చేయండి. కానీ అడుగు దాకా పైపు నిలబెడితే రోడ్డు మురికికి భూగర్భంలోకి దారి వేసినట్టే. పెట్టక తప్పదంటే ఆ పైపును పై రెండడుగుల మట్టిలోనే ఆపి, పైకొస మూతి వంచి పెట్టండి. బంకమట్టి పొరను అది దాటకూడదు.

పూడ్చిన బావి మీద ఇల్లు కట్టొచ్చా?

బావి నోటి మీద పిల్లరు రాకూడదు. పూడ్చిన మట్టి ఏళ్ల తరబడి కుంగుతూనే ఉంటుంది. స్ట్రక్చరల్ ఇంజనీరుకు బావి ఎక్కడుందో, ఎంత వెడల్పో చూపిస్తే పిల్లర్లు పక్కకు జరిపి, మీదుగా బీము వేస్తారు. సంపు, సెప్టిక్ ట్యాంకు అక్కడ అసలే వద్దు.

## పని అయ్యాక

ఒక వాన తరువాత పూడ్చినచోట గుంత పడింది.

మూడు నాలుగు అంగుళాలు కుంగడం మామూలే, మట్టి వేసి గుద్దండి. అడుగు పైన కుంగినా, రెండోసారి అదేచోట కుంగినా లోపల ఖాళీ ఉందని అర్థం. చుట్టూ తాడు కట్టి, పిల్లల్ని దూరం ఉంచి, మళ్లీ తవ్వించి చూడండి. మొదటి ఏడాది ప్రతి పెద్ద వాన తరువాతా వెళ్లి చూడాలి.

మేం పూడ్చకపోతే పక్కవాళ్ల నీళ్లకేమవుతుంది? మరిగిస్తే సరిపోదా?

తెరిచిన బోరు మురికికి దొడ్డిదారి. డ్రైనేజీ నీళ్లు దిగితే సూక్ష్మక్రిములతో పాటు నైట్రేటు కూడా వెళుతుంది. మరిగిస్తే క్రిములు చస్తాయి, నైట్రేటు పోదు సరికదా నీళ్లు ఇగిరిన కొద్దీ చిక్కబడుతుంది. పాలపొడి కలిపి పట్టే పసిబిడ్డలకు అది ప్రమాదం. పీణ్య పారిశ్రామికవాడలో భూగర్భజలాల్లోకి చేరిన క్రోమియం సంగతి తెలిసిందే. రాతి పగుళ్లలోకి వెళ్లిన విషాన్ని వెనక్కి తీయడం దాదాపు అసాధ్యం.

బిడ్డ బోరులో పడితే మొదటి పది నిమిషాల్లో ఏం చేయాలి?

112కు ఫోన్ చేయండి. అగ్నిమాపక దళం 101, అంబులెన్సు 108. బోరు వెడల్పు, లోతు, కేసింగ్ ఉందా లేదా చెప్పండి. జనాన్ని, బళ్లను, జేసీబీని దూరం ఆపండి, అదురుకు అంచు మట్టి రాలి బిడ్డ మీద పడుతుంది. తల్లో తండ్రో ఒకరు మాత్రం అంచుకు పలక వేసుకుని పడుకుని మాట్లాడుతూ ఉండాలి. మీ అంతట మీరు తాళ్లు, కొక్కేలు వేయకండి. 2019 అక్టోబరులో తిరుచిరాపల్లి దగ్గర నడుకాట్టుపట్టిలో మొదట 30 అడుగుల దగ్గర చిక్కుకున్న బిడ్డ, తరువాత 80 అడుగులు దాటి జారిపోయాడు, దక్కలేదు. 2024 ఏప్రిల్‌లో విజయపుర జిల్లా లచ్యాణలో రెండేళ్ల బిడ్డను పక్కన సమాంతరంగా గుంత తీసి, దాదాపు 20 గంటల తరువాత ప్రాణాలతో బయటికి తెచ్చారు.

పక్క సైటులో బోరు తెరిచే ఉంది, ఓనరు ఎవరో తెలియదు.

ఓనరు దొరికేదాకా ఆగొద్దు. పలక, దాని మీద బరువు, చుట్టూ కంచె ఇవాళే పెట్టండి. కనబడేలా ఎర్రగుడ్డ కట్టండి. ఫోటో తీసి, ఆ చోటు గుర్తుతో సహా జలమండలికో పంచాయతీకో ఫిర్యాదు ఇచ్చి నంబరు రాసుకోండి. వారంలో ఎవరూ రాకపోతే అదే నంబరుతో జిల్లాధికారి కార్యాలయానికి రాయండి. వాళ్లు వచ్చేదాకా రోజూ ఒకసారి ఆ పలక అక్కడే ఉందో లేదో చూసి రండి.